కళ్ళంలో మాట్లాడుకుంటామన్నాడు

ఆ మంగళవారం ఉదయం వార్డు ఆయా నా గది గుమ్మంలో నిలబడి, "మందు తాగిన కేసొకటొచ్చినాది మేడమ్. నర్సమ్మ మిమ్మల్ని రమ్మంటన్నాది" అంది.

నాకది కొత్త కబురు కాదు. విజయనగరం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు మీద కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. చనిపోవాలని ప్రయత్నించి బయటపడ్డవాళ్ళ పక్కన కూర్చోవడం నా పనుల్లో ఒకటి. ఏం జరిగిందో వినాలి. మళ్ళీ అలాంటి ఆలోచన ఉందేమో కనుక్కోవాలి. ఇంటికి వెళ్ళేలోగా బతకాలన్న కోరిక వాళ్ళలో కాస్తయినా పుట్టించాలి. అప్పటికి పదకొండేళ్ళుగా అదే పని.

మెట్లు దిగి వార్డులోకి వెళ్తే అతను మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదు దాటి ఉంటాయి. ఎండకు కాగిన మొహం, గట్టి భుజాలు. పెదాలు వాచాయి, అంతే. మనిషి బాగానే ఉన్నాడనిపించి ఊపిరి పీల్చుకున్నాను. పక్కనే నేల మీద అతని భార్య స్టీలు గ్లాసులో కొబ్బరినీళ్ళు వడగడుతోంది. నర్సు నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది.

"గడ్డిమందు మేడమ్. ఆదివారం సాయంత్రం తాగాడంట."

పొలంలో గడ్డి మాడటానికి కొట్టే మందు అది. అది తాగినవాళ్ళు మర్నాడు లేచి కూర్చుంటారు, మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళు గండం గడిచిందనుకుంటారు. ఆ తర్వాతే ఊపిరితిత్తులు రోజురోజుకూ గట్టిపడుతూ వస్తాయి. బతికినవాళ్ళు ఎక్కడో ఉన్నారంటారు. నేను చూడలేదు.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు. రెండు రాత్రుల నుంచి నిద్ర లేని కళ్ళు. రక్తపరీక్షల కాగితం నా ముందు పెట్టి, "వారం మేడమ్. మహా అయితే పది రోజులు. వైజాగ్ వాళ్ళతోనూ మాట్లాడాను, తీసుకొచ్చి లాభం లేదన్నారు. భార్యకి, ఇప్పుడే ఏమీ చెప్పలేమని మాత్రం చెప్పాను. మీరు ధైర్యం చెప్పండి" అన్నాడు.

ధైర్యం అంటే ఏమిటో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. మాది శృంగవరపుకోట. మా నాన్న అక్కడి బాప్టిస్టు చర్చిలో సంఘపెద్ద. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా నాన్నమ్మకి కడుపులో క్యాన్సరు వచ్చింది. ఇంటిల్లిపాదీ ఆమెతో "పుండు, మానిపోతాది" అన్నారు. ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్ళూ అదే అన్నారు. ఒక మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఒసే గుంటా, నానింక లెగనా? అందరూ నాకాడ నాటకమాడతన్నారు. నువ్వైనా సెప్పు."

మంచినీళ్ళు తెస్తానని చెయ్యి విడిపించుకుని వచ్చేశాను. మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళలేదు. మూడు రోజులకు ఆమె పోయింది. నేను ఈ చదువు చదవడానికి కారణాలు చాలానే చెప్పుకుంటాను గానీ, అసలు కారణం ఆ మంచినీళ్ళే.

అందుకే ఉద్యోగంలో చేరిన రోజునే రెండు మాటలు అనుకున్నాను. నా ఎదుట కూర్చున్న మనిషికి అబద్ధం చెప్పను. ఎవరినీ ఏ పనికీ తొందరపెట్టను, ఎప్పుడు ఏం చేయాలో వాళ్ళకే తెలుస్తుంది. ఈ రెండూ నాకు బైబిలు వాక్యాల్లా ఉండేవి. కాలేజీ పిల్లలకు చెప్పమని పిలిస్తే ఎంతో ధీమాగా చెప్పి వచ్చేదాన్ని.

మంగళవారం అతను నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. బుధవారం మళ్ళీ వెళ్ళాను. భార్య బట్టలు ఉతకడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. నేను స్టూలు లాక్కుని కూర్చుని, నోట్లో మంట తగ్గిందా అని అడిగాను.

"మంట కాదు గానీ మేడమ్, మీకు అన్నలున్నారేటి?" అన్నాడు.

"ఒకరున్నారు."

"ఎప్పుడైనా సెప్పు తీసి కొట్టినాడేటి?"

అక్కడి నుంచి ఆగకుండా చెప్పాడు. గజపతినగరం అవతల వాళ్ళ ఊరు. అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క చేలు. తండ్రి పోయేటప్పటికి ఇతనికి ఏడేళ్ళు, అన్నకు పంతొమ్మిది. అన్న చదువు మానేసి నాగలి పట్టి, తమ్ముణ్ణి సైకిలు మీద బడికి దించి, ఇంటర్ దాకా చదివించాడు. పెళ్ళి చేశాడు. అలాంటి అన్న ఆ వారం తన వరినారుకు నీళ్ళు పెట్టుకోవడానికి గట్టు తెగ్గొట్టాడు. నీళ్ళు తమ్ముడి మొక్కజొన్న చేలోకి వచ్చిపడ్డాయి. ఆదివారం అందరూ ధాన్యం నూర్చుకునే కళ్ళంలో ఉండగా ఇతను వెళ్ళి అడిగాడు. మాట మీద మాట పెరిగింది.

"ఊరు ఊరంతా అక్కడే ఉన్నాది. సెప్పు తీసినాడు. నాను పెంచిన కుక్కవి, నన్నే కరుస్తావేట్రా అని కొట్టినాడు. నా కూతురు కూడా అక్కడే ఉన్నాది మేడమ్. పదేళ్ళ గుంట. అది సూసినాది."

తర్వాత మామూలు గొంతుతో అన్నాడు.

"నాను సస్తే ఊరంతా ఆడి మొకాన ఉమ్ముతాది. తమ్ముణ్ణి సంపీసినాడని ఆడు బతికినంతకాలం అంటారు. అందుకే తాగీసినాను."

నేను విన్నాను. వినడమే సగం వైద్యమని మాకు చెప్పేవారు.

ఆ అన్న ఎక్కడో లేడు. సోమవారం పొద్దున్నుంచి వార్డు బయట వరండాలో, చెప్పులు విప్పే చోట, గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నెరిసిన గడ్డం, భుజం మీద తువ్వాలు. "ఆణ్ణి నాకు సూపించకండి" అని తమ్ముడు మొదటిరోజే అనడంతో లోపలికి రావడం లేదు. కొబ్బరిబొండాలు తెచ్చి మరదలికి ఇస్తాడు. మందుల చీటీ తీసుకుని పరుగెడతాడు. మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంటాడు. నేను వార్డులోంచి బయటికి వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు.

గురువారానికి మనిషి మారాడు. నన్ను చూడగానే, "మేడమ్, నిన్న నాను సెప్పింది పుస్తకంలో రాసీసినారేటి?" అన్నాడు.

"కోపంలో తాగారని రాశాను. మిగతాది రాయలేదు."

"ఆడి మీద కసితో తాగినానని మా అన్నకి సెప్పకండి. సచ్చినా సెప్పకండి."

"చెప్పను."

"రాత్రంతా ఆలోసించినాను. ఎంత ఎదవ పని సేసినాను మేడమ్! ఒక దెబ్బ కదా. సిన్నప్పుడు ఎన్ని కొట్టలేదు?" అని నవ్వబోయాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. భార్య చీరకొంగుతో అద్దింది. ఆమె కూడా నవ్వుతోంది. "మేడమ్, ఈయన నెత్తళ్ళ పులుసు తింతాడంట. ఈ నోటితో!" అంది.

నా పదకొండేళ్ళ పనిలో ఇంత త్వరగా బతుకు మీదికి మళ్ళిన మనిషిని చూడలేదు. వేరే ఏ మందు తాగినవాడైనా అయి ఉంటే ఆ రోజు నేను స్వీటు తిని ఉండేదాన్ని. గదికి వెళ్ళి తలుపు వేసుకుని కూర్చున్నాను. బతకాలనే కోరిక పుట్టించడం నా పని. పుట్టింది. దాన్ని ఇప్పుడేం చేయాలో ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

శుక్రవారం అతను అడిగాడు. అప్పటికి నన్ను మేడమ్ అనడం మానేసి అప్పా అంటున్నాడు. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు.

"అప్పా, నిజం సెప్పు. నాను బతుకుతానా?"

వార్డులో ఫ్యాను తిరుగుతోంది. భార్య మంచం అవతల నిలబడి నా మొహంలోకి చూస్తోంది. అతని కళ్ళు పసుపు తిరిగాయి. నన్ను నమ్మే అడిగాడు. డాక్టరు మీద కన్నా నా మీదే నమ్మకం ఎక్కువ పెట్టుకున్నాడని నాకు తెలుసు.

"బతుకుతారు. ఎందుకు బతకరు?" అన్నాను.

నోటి నుంచి అంత సులువుగా వచ్చింది. అతను కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. భార్య అక్కడే కూలబడి ఏడ్చింది, సంతోషంతో. ఆమె వరండాలోకి పరుగెత్తి బావగారికి చెప్పడం, "బతుకుతాడని మేడమ్ సెప్పీసినాది" అనడం నాకు లోపలికి వినిపించింది. నేను బయటికి వచ్చేసరికి ఆ పెద్దమనిషి నా కాళ్ళ మీద పడబోయాడు. వద్దని పక్కకు తప్పుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాను.

ఎందుకలా చెప్పావని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. డాక్టరు చెప్పమన్నాడని అనలేను. ఆయన ధైర్యం చెప్పమన్నాడు గానీ అబద్ధం చెప్పమనలేదు. జాలి అనుకున్నాను కొన్నాళ్ళు. జాలి కూడా కాదు. ఆ రెండు జతల కళ్ళ ముందు నిజం పలికే మనిషిని నేనే కావడం నాకు భయం. పద్నాలుగేళ్ళ పిల్ల మంచినీళ్ళకి పరుగెత్తినట్టే ఇదీ. తేడా ఏమిటంటే ఈసారి స్టూలు మీంచి లేవకుండా పారిపోయాను.

శనివారం అతనికి కాస్త ఆయాసం మొదలైంది. వాక్యం మధ్యలో ఆగి గాలి తీసుకుంటున్నాడు. అతను పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. నాకు తొందర పుట్టింది. భార్య గ్లాసులు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళేదాకా ఆగాను.

"మీ అన్నయ్య సోమవారం నుంచి బయటే కూర్చున్నారు. ఒక్కసారి లోపలికి పిలవమంటారా?" అన్నాను.

అతను కిటికీ వైపు చూశాడు. కోపం లేదు ఆ మొహంలో. సిగ్గు ఉంది.

"తింటన్నాడేటి ఆడు?"

"అరటిపండ్లు తింటున్నారు."

"అంబలి నేకపోతే ఉండలేడు ఆడు. పొద్దున్నే సోడి అంబలి తాగాల." కొంచెంసేపు ఊపిరి తీసుకుని, "ఇప్పుడొద్దప్పా. ఇక్కడ ఇంతమంది ముందా? ఆ దినం అందరి ముందూ కొట్టినాడు, ఇప్పుడు మళ్ళీ ఇద్దరం అందరి ముందూ ఏడవాలేటి? ఇంటికెళ్ళీనాక ఒక దినం పొద్దుగూకినాక కళ్ళంలో కూకుని మాట్లాడుకుంటాం. ఎవులూ ఉండరప్పుడు. తప్పు నాదీ ఉన్నాదని సెప్తాను. పది దినాలు ఆగితే ఏటవుతాది?" అన్నాడు.

పది రోజులంటే ఏమిటో ఆ మంచం దగ్గర నాకొక్కదానికే తెలుసు.

అప్పుడు చెప్పి ఉండాలి. పోనీ నిజమంతా చెప్పకపోయినా, పది రోజులు ఆగకు నాయనా, ఇవాళే మాట్లాడు అనైనా అని ఉండాలి. కానీ నిన్ననే బతుకుతావన్నదాన్ని, ఇవాళ తొందరెందుకంటే ఏం చెప్పను? అప్పుడు నా రెండో నమ్మకం నాకు అడ్డుగా వచ్చి నిలబడింది. ఎవరినీ తొందరపెట్టకూడదు కదా, ఎప్పుడు మాట్లాడుకోవాలో అతనే నిర్ణయించుకున్నాడు కదా అనుకున్నాను. ఆ మాట వెనక దాక్కుని, "సరే, మీ ఇష్టం" అన్నాను.

సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అతనికి నిజం చెప్పేద్దామన్నాను. ఆయన కాగితాల్లోంచి తలెత్తి, "నిన్న మీరే బతుకుతాడని చెప్పారట కదా మేడమ్? వార్డంతా అనుకుంటున్నారు" అన్నాడు. నిందించలేదు, అడిగాడంతే. "చెప్తే తట్టుకోగలడా? ఆలోచించండి. నేనూ పక్కనుంటాను. సోమవారం చూద్దాం."

సోమవారం అనుకుని ఇంటికి వెళ్ళాను. ఆదివారం నాకు సెలవు. చర్చిలో మోకాళ్ళ మీద ఉండి, ఆ మనిషి బతకాలని ప్రార్థించలేదు. సోమవారం దాకా మాట్లాడే ఊపిరి ఉండాలని అడిగాను. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళి ఉండొచ్చు. గంట ప్రయాణం. వెళ్ళలేదు. సెలవు రోజున క్లయింట్లను కలవకూడదని మాకో నియమం ఉంది. నియమాలు అలాంటప్పుడే గుర్తొస్తాయి.

సోమవారం ఉదయం వార్డుకి వెళ్ళేసరికి అతని మొహానికి మాస్కు పెట్టారు. తెల్లవారుజామున ఎగశ్వాస మొదలైందట. గొంతు పెగలడం లేదు. ఛాతీ మొత్తం లేచి పడుతోంది. నన్ను గుర్తుపట్టాడు. అప్పా అనబోతే మాస్కు లోపల ఆవిరి కమ్మింది తప్ప శబ్దం రాలేదు. ఆ కళ్ళల్లో ఒకే ప్రశ్న. నేను దానికి ఇంతకు ముందే జవాబు చెప్పాను.

బయటికి పరుగెత్తి అన్నను లోపలికి రమ్మన్నాను. ఆయన తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, కోర్టుకి వచ్చినవాడిలా నడిచి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఒరే తమ్ముడూ, నానొచ్చినాను రా. నా సెయ్యి పడిపోనూ, నిన్ను కొట్టినాను. ఒక్క మాట అనరా. తిట్టరా."

తమ్ముడు చెయ్యి ఎత్తాడు. అరచెయ్యి తెరిచి, గాల్లో, అన్న వైపు. దగ్గరికి రమ్మనో, వద్దు పొమ్మనో, ఊపిరందక కొట్టుకున్న చెయ్యో. అన్న ఆ చేతిని పట్టుకునేలోగా అది దుప్పటి మీద పడిపోయింది. డాక్టరు అందర్నీ బయటికి పంపించాడు. మర్నాడు మధ్యాహ్నం అతను పోయాడు.

భార్య నా దగ్గరికి రాలేదు. శవాన్ని వ్యానులోకి ఎక్కిస్తుంటే దూరం నుంచి నన్ను ఒకసారి చూసింది. "సెప్పినావు కదమ్మా" అంది. అంతే. ఆ మాటలో తిట్టు లేదు. తిడితే బాగుండేది.

రెండు నెలల తర్వాత ఒక పగటిపూట అన్న నా గదికి వచ్చాడు. మొదట గుర్తుపట్టలేదు, సగానికి సగం చిక్కిపోయాడు. కూర్చోమంటే కూర్చోలేదు. గోడ మీద నవ్వుతున్న కుటుంబం పోస్టరు కేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఆడు మీతోటి బాగా మాట్లాడేవోడని మా మరదలు సెప్పినాది. నా గురించేటైనా అన్నాడేటమ్మా?"

ఆయన వస్తాడని నాకు తెలుసు. చెప్పాల్సింది మనసులో ఎన్నోసార్లు పేర్చుకున్నాను.

"అన్నారు. మీరు అంబలి లేకుండా ఉండలేరని బాధపడ్డారు. ఇంటికి వచ్చాక కళ్ళంలో కూర్చుని మీతో మాట్లాడతానన్నారు. తప్పు నాదీ ఉందని చెప్తానన్నారు."

ఆయన నా వైపు తిరిగాడు. "మరి ఎందుకు పిలవనేదు? ఎనిమిది దినాలు ఆ గోడవారే కూకున్నాను. ఒక్క కేకేస్తే వినపడేంత దూరం."

"నేను బతుకుతారని చెప్పాను కాబట్టి. టైముందనుకున్నారు."

"ఆడు పోతాడని మీకు తెలుసేటి అప్పుడు?"

"తెలుసు."

తిడతాడనుకున్నాను. చెయ్యి చేసుకున్నా నేను తప్పుకునేదాన్ని కాను. ఆయన చిన్న గొంతుతో, "ఆ దినం సెయ్యెత్తి నన్ను పొమ్మన్నాడమ్మా. నాను సూసినాను" అన్నాడు.

"కాదు. మీ మీద కోపం లేదు ఆయనకి. రమ్మనే చెయ్యి ఎత్తి ఉంటారు. గురువారం నుంచీ ఆ కోపం లేదు, నాకు తెలుసు."

"అది మీరు సెప్తన్నారు. ఆడు సెప్పనేదు గదా." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఆడు బతుకుతాడని కూడా మీరే సెప్పినారు. అప్పుడూ ఇలాగే సెప్పినారు, ఇదే గొంతుతోటి. మీది మంచి మనసే అమ్మా. ఏడిసినోడికి ఏది కావాలో అది సెప్తారు. నాకూ అదే సెప్తన్నారు."

నిజం చెప్తున్నానని ఒట్టు పెట్టుకోబోయాను. దేవుడి మీద, మా నాన్న మీద, దేని మీద పెట్టినా ఆయన నమ్మడని అర్థమైంది. నా దగ్గర ఆ మనిషిని బతికించగల నిజం ఒకటి ఉంది. అదొక్కటే ఉంది. దాన్ని నా అబద్ధమే ముందుగా వెళ్ళి పనికిరాకుండా చేసింది. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఇంకో మాట, తమ్ముడు కసితో తాగానన్న మాట, నేను చెప్పలేదు. అది ఇచ్చిన మాట. ఆ ఒక్కటీ నిలబెట్టుకున్నాను.

తర్వాత ఏదో సర్టిఫికెట్టు పని మీద వచ్చిన భార్యను ఆసుపత్రి గేటు దగ్గర చూశాను. ఈసారి ఆమె ఆగింది. బావగారు తన చేను కన్నా ముందు తమ చేను దున్నుతున్నాడని, గట్టు మళ్ళీ వేసి రెండింతలు ఎత్తు చేశాడని, కళ్ళంలోకి మాత్రం కాలు పెట్టడం లేదని చెప్పింది. "మా ఇంట్లో నీళ్ళు కూడా తాగడమ్మా. నా గుంట ఎదురొస్తే దారి మార్సీస్తాడు" అంది. కళ్ళం మాట ఆమెతో చెప్పాను. నువ్వైనా చెప్పు, నువ్వు చెప్తే నమ్ముతారేమో అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నానప్పుడు అక్కడ లేను కదమ్మా. ఇననిది ఇన్నానని ఎలా సెప్పను?"

ఆమె పాలకొండ బస్సెక్కి ఎవరో చుట్టాల ఊరికి వెళ్ళింది.

ఇక నుంచి నిజమే చెప్తానని అప్పుడు మళ్ళీ ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఏడాదే ఇంకొకరు వచ్చారు, పొందూరు దగ్గర నుంచి, అదే మందు. వయసు మళ్ళిన మనిషి, నూలు వడికే ఇంటివాడు. మూడో రోజు నన్ను అదే ప్రశ్న అడిగాడు. డాక్టరును పక్కన పెట్టుకుని, చెయ్యి పట్టుకుని, మెత్తగా నిజం చెప్పాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని గోడవైపు తిరిగాడు. పోయేదాకా ఇటు తిరగలేదు. భార్యతో గానీ కొడుకుతో గానీ ఒక్క మాటా మాట్లాడలేదు. "నాలుగు దినాలు ఆశతో ఉండేవోడు. అదీ లాగీసుకున్నావు" అని ఆ ముసలమ్మ నా మొహం మీదే అంది. ఆమె అన్నది తప్పని నేను అనలేను.

అబద్ధం ఒకరి మాట తీసుకుపోయింది. నిజం ఇంకొకరి మాట తీసుకుపోయింది. ఇప్పుడు నన్ను ఎవరైనా పిలిచి నీ నమ్మకాలేమిటని అడిగితే పిల్లల ముందు నిలబడి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పని మానేద్దామని రెండుసార్లు కాగితం రాశాను. మానేస్తే ఆ స్టూలు మీద ఎవరూ కూర్చోరు. మా ఆసుపత్రిలో ఈ పనికి రెండో మనిషి లేడు. అందుకని ఉన్నాను. అది నమ్మకం కాదు, వేరే దారి లేకపోవడం.

ఈమధ్య ఒక పని చేస్తున్నాను. గడ్డిమందు కేసని తెలియగానే, బతుకుతావు అనీ అనను, పోతావు అనీ అనను, ముందు ఒకటే అడుగుతాను. "మీరు ఎవరితో మాట్లాడాలి? చెప్పండి, వాళ్ళని ఈరోజే పిలిపిద్దాం." కొందరు చెప్తారు. ఫోన్లు చేస్తాను. ఒకసారి ఒక రోగి మేనమామ ఒడిశాలో, కటక్‌లో పనిచేస్తున్నాడంటే నా ఫోనులోంచే పిలిచాను. ఇద్దరూ గంటసేపు ఒడియా, తెలుగు కలిపి మాట్లాడుకున్నారు. దాంతో ఏదో దారి దొరికిందనుకున్నాను.

పోయిన నెలలో మెట్ట వైపు ఊరి నుంచి ఒక కూలిమనిషిని తెచ్చారు, అదే మందు. యాభై ఏళ్ళుంటాయి ఆమెకి. తెచ్చింది కూడా దారినపోయే ఆటో అతనే, దింపి వెళ్ళిపోయాడు. స్టూలు లాక్కుని కూర్చుని నా ప్రశ్న అడిగాను. ఆమెకి అర్థం కాలేదనుకుని మళ్ళీ అడిగాను.

"ఎవులున్నారమ్మా నాకు?" అంది.

"చెల్లెలో, ఊళ్ళో తెలిసినవాళ్ళో..."

"ఎవులూ నేరు."

ఫోను బ్యాగులో పెట్టేశాను. ఆమె కళ్ళు మూసుకుంది. నా బస్సు అయిదున్నరకి. అప్పటిదాకా అక్కడే కూర్చున్నాను.